సైన్యంలో గుమాస్తా చదువు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. సైన్యంలో 15 ఏళ్ళు, రెవెన్యూ శాఖలో 22 ఏళ్ళు, వెరసి 37 ఏళ్ళు కాగితాలు రాసి, కుట్టి, వెదికి రిటైరైనవాణ్ణి. ఏం రాయాలా అని ఆలోచిస్తుండగా మా వీధి కుర్రవాడొకడు వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. అగ్నివీర్‌గా ఆఫీసు అసిస్టెంటు పోస్టుకు ఎంపికయ్యాడట. "తాతగారూ, మాది క్లర్కు పోస్టే గదండీ! ట్రైనింగు కూడా కంప్యూటరు ముందేనా, లేక పరుగులూ గట్రా ఉంటాయాండీ?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఇదే ప్రశ్న 1970 జనవరిలో రాజమండ్రి స్టేషనులో, నన్ను రైలెక్కించడానికి వచ్చిన మా మేనమామను నేనడిగాను. "క్లర్కంటే కుర్చీయే గదరా" అన్నాడాయన. ఆ మాట నమ్మి రైలెక్కాను. కుర్రవాడికి ఆ సాయంత్రం చెప్పినదాన్నే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను.

సైన్యం అనగానే మనవాళ్ళకు తుపాకీ గుర్తొస్తుంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని 'మిలటరీ మాధవరం' అంటున్నామంటే, ఆ ఊరివాళ్ళు తరతరాలుగా పటాలంలో చేరినందువల్లనే. కాని తుపాకీ వెనక ఎప్పుడూ ఒక లెక్కల పుస్తకం ఉంటుంది. దీనికి మన ప్రాంతంలోనే సాక్ష్యం ఉంది. 1758 డిసెంబరులో పిఠాపురం ప్రాంతంలోని చందుర్తి దగ్గర కల్నల్ ఫోర్డు నడిపిన ఇంగ్లీషు కంపెనీ సేన ఫ్రెంచివారిని ఓడించింది. విజయనగరం రాజావారు ఆనందరాజు ఇంగ్లీషువారి పక్షం. ఉత్తర సర్కారుల తలరాత మార్చిన యుద్ధం అది. అయితే గెలిచిన ఫోర్డు వెంటనే మచిలీపట్నం మీదికి పోలేకపోయాడు. సైన్యం ఖర్చుల దగ్గర రాజావారికీ ఆయనకూ తకరారు వచ్చి చాలా రోజులు వృథా అయ్యాయి. మచిలీపట్నం కోట చేతికి రావడానికి 1759 ఏప్రిల్ దాకా పట్టింది. చదువుకునే రోజుల్లో ఈ యుద్ధం గురించి పాఠంలో విన్నాను గాని, ఆ డబ్బుల తగాదా సంగతి మటుకు గుమాస్తానయ్యాకే నాకు రుచించింది!

బ్రిటిషువారి కాలంలో గుమాస్తాల కోసం 'ఇండియన్ ఆర్మీ కోర్ ఆఫ్ క్లర్క్స్' అని ప్రత్యేకంగా ఒక విభాగమే ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక, 1942లో 'విమెన్స్ ఆక్సిలరీ కోర్' అని పెట్టి ఆడవాళ్ళను కూడా గుమాస్తాలుగా, టైపిస్టులుగా తీసుకున్నారు. 1962లో చైనా యుద్ధం తరువాత మన సైన్యాన్ని బాగా పెంచారు. కొత్త యూనిట్ పుట్టిందంటే దానికి వంటవాడెంత అవసరమో గుమాస్తా అంతే అవసరం. ఆ గాలిలోనే మావంటి ఎస్.ఎస్.ఎల్.సి. కుర్రవాళ్ళకు తలుపు తెరుచుకుంది. మా నాన్నగారిది కౌలు వ్యవసాయం. నాకు ఎస్.ఎస్.ఎల్.సి.తో పాటు టైపు లోయరు ఉంది. ఎంప్లాయిమెంటు ఎక్స్‌ఛేంజి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ కూర్చునేకంటే మేలని, కాకినాడలో భర్తీ జరుగుతోందంటే వెళ్ళాను. ఎత్తు చూశారు, ఛాతీ కొలిచారు, ఇంగ్లీషులో వ్యాసం, లెక్కలు పరీక్ష పెట్టారు. సికింద్రాబాదు తిరుమలగిరిలో ఉన్న ఆర్మీ ఆర్డినెన్సు కోర్ సెంటరుకు పంపారు. బూటు మేకు మొదలుకొని ఫిరంగి దాకా సైన్యానికి కావలసిన సామాను నిలవ చేసి అందించే కోర్ అది.

దిగిన రోజే మంగలి దగ్గర వరసగా కూర్చోబెట్టారు. అప్పటి సినిమా హీరోల పుణ్యమా అని చెవుల మీద దాకా పెంచుకున్న జుట్టు పది నిమిషాల్లో నేలపాలయింది. తరువాత ట్రంకుపెట్టె, దుప్పట్లు, దోమతెర, బూట్లు, మెస్ టిన్ను, మగ్గు ఇచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. "ఇది నీ మొదటి సర్కారీ సంతకం. చదివే పెట్టావా?" అని అడిగాడు మా ఉస్తాదు, అంటే శిక్షణ ఇచ్చే హవల్దారు. చదవలేదు. మళ్ళీ అన్నీ లెక్కబెట్టించాడు. ఒక జత మేజోళ్ళు తక్కువ వచ్చాయి. క్లర్కు పాఠం నాకు అక్కడే మొదలయింది.

ఆపైన కొన్ని నెలలు కలం ముట్టనివ్వలేదు. తెల్లవారుజామున బిగిలు, పి.టి., పరేడు, రైఫిలు విప్పడం, తుడవడం, బిగించడం, ఫైరింగు రేంజి, రాత్రి రోల్‌కాల్. "మేం క్లర్కులం గదండీ, మాకు రైఫిలు ఎందుకు?" అని ఒక కేరళ కుర్రవాడు అడిగి, దానిని నెత్తిమీద ఎత్తి పట్టుకుని గ్రౌండు చుట్టూ తిరిగాడు. ఉస్తాదు జవాబు తరువాత చెప్పాడు: శత్రువు వచ్చినప్పుడు ఇది ఆఫీసు గుడారం, అది వంట గుడారం అని చూసి రాడట. సైన్యంలో ముందు అందరూ సిపాయిలే. క్లర్కు, డ్రైవరు, వంటవాడు అన్నవి ఆ తరువాతి మాటలు. ఈ సంగతి కుర్రవాడికి గట్టిగా చెప్పాను. కుర్చీ కోసం వెళ్ళేవాడు ముందు కాళ్ళను సిద్ధం చేసుకోవాలి.

భాష మరో అవస్థ. మన డెల్టా కుర్రవాళ్ళకు అప్పట్లో హిందీ అంటే సినిమా పాటల మేరకే. సైన్యంలో ఒక చిత్రమైన పద్ధతి ఉండేది. హిందీని ఇంగ్లీషు అక్షరాలతో రాసి నేర్పేవారు. ఒకే బల్ల మీద తెలుగువాడు, అరవవాడు, బెంగాలీ, పంజాబీ కూర్చుని అదే లిపిలో చదువుకునేవాళ్ళం. అన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు. రొట్టె ఒంటికి పట్టడానికి నెల పట్టింది. అమ్మ పంపిన ఆవకాయ జాడీని పెట్టె అడుగున దాచుకుంటే కిట్ తనిఖీలో బయటపడింది. నూనె కారి చొక్కా ఎర్రబడింది కూడాను. ఉస్తాదు జాడీ మూత తీసి వాసన చూసి, "ఇది ఏ జాబితాలో ఉంది?" అన్నాడు. ఏ జాబితాలోనూ లేదు. ఆదివారం దాకా అతని గదిలో ఉంచి తిరిగి ఇచ్చాడు. సగమే మిగిలింది. ఆ నష్టానికి వోచరు రాయమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ప్రమాణం చేసిన కసమ్ పరేడు అయ్యాకే మాకు అసలు గుమాస్తా పాఠాలు మొదలయ్యాయి. టైపు నాకు వచ్చుననుకున్నాను. రాజమండ్రి ఇనిస్టిట్యూటులో లోయరుకు నిమిషానికి 30 మాటలు కొట్టినవాణ్ణి గదా! కాని అక్కడ చేతులమీద గుడ్డ కప్పి కొట్టించారు. తప్పు పడితే రబ్బరుతో చెరపనివ్వరు, షీటు మొత్తం మళ్ళీ కొట్టాలి. గంటలను ఇరవై నాలుగుగా రాయడం, ఉత్తరంలో ప్రతి పేరాకు నంబరు వేయడం, పేరాకు ఒకే విషయం ఉండేలా చూడడం, రహస్య పత్రాలకు వర్గం ముద్ర వేయడం, ఆ పత్రం కొట్టిన కార్బను కాగితాన్ని సైతం చింపి పారేయకుండా సాక్షి ముందు కాల్చడం, అన్నీ వరసగా నేర్పారు. మన ఆఫీసుల్లో కార్బను కాగితాలతో పకోడీలు చుట్టి ఇచ్చిన రోజులు తెలిసినవారికి ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

స్టోర్సు పాఠం నాకు బాగా నచ్చింది. సైన్యంలో ప్రతి వస్తువుకూ ఒక అధికారిక పేరు ఉంటుంది. వాటి జాబితాలే 'వొకాబులరీ' అనే పుస్తకాలు. అందులో వస్తువు ముందు, దాని రకం తరువాత వస్తాయి. 'అంగోలా చొక్కాలు' అనకూడదు, 'చొక్కాలు, అంగోలా' అనాలి. 'ఎనామిల్ మగ్గులు' కాదు, 'మగ్గులు, ఎనామిల్'. వేలకొద్దీ వస్తువుల్లో కావలసినది దొరకాలంటే అంతకన్న మంచి దారి లేదు. లెడ్జరులో ఒక అంకె, బీరువా దగ్గర వేలాడే బిన్ కార్డులో ఒక అంకె, బీరువాలో అసలు సరుకు, మూడూ ఒకటి కావాలి. కాకపోతే ఆ రాత్రి నిద్ర లేదు. ఈ అలవాటు పోక, పెళ్ళయిన కొత్తలో బజారు చీటీ 'వంకాయలు, పొడుగు' అని రాస్తే మా ఇంటావిడ ఆ చీటీని చుట్టుపక్కలవాళ్ళందరికీ చూపించింది.

అయితే అన్నిటికన్న ఎక్కువ రోజులు చెప్పిన పాఠం 'పార్ట్ టూ ఆర్డరు'. సైన్యంలో పనిచేయనివారి కోసం వివరిస్తాను. మన సర్వీసు రిజిస్టరులో ఇంక్రిమెంటూ, సెలవూ, నామినేషనూ ఎక్కినట్టే, సిపాయి జీవితంలో జరిగే ప్రతి మార్పూ, అంటే సెలవు, బదిలీ, ప్రమోషను, ఆస్పత్రి, పెళ్ళి, పిల్లలు పుట్టడం, యూనిట్ వెలువరించే ఈ ఆర్డరులో అచ్చుకావాలి. దాని ప్రతులు రికార్డు ఆఫీసుకూ, జీతాల లెక్కల ఆఫీసుకూ పోతాయి. దాన్ని బట్టి అతని 'షీట్ రోల్' నింపుతారు. రేపు పెన్షను మంజూరయినా, కుటుంబ పెన్షను మంజూరయినా ఆ షీట్ రోలే ఆధారం. "పెళ్ళి ఊళ్ళో జరుగుతుంది. కాని సర్కారుకు మాత్రం నువ్వు టైపు కొట్టిన రోజే జరుగుతుంది" అనేవాడు ఉస్తాదు. మేము నవ్వేవాళ్ళం. అతను నవ్వేవాడు కాదు.

శిక్షణ పూర్తయి ఉత్తరాదిలో ఒక డిపోకు వెళ్ళాను. 1971 డిసెంబరు 3 నుంచి 16 వరకు యుద్ధం జరిగిన ఆ రెండు వారాలూ డిపోలో దీపం ఆరలేదు. ఇండెంట్లు వచ్చినవి వచ్చినట్టు వోచర్లు కొట్టి లారీలు నింపించాము. విశాఖ దగ్గర పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిందన్న వార్త వచ్చినప్పుడు, ఆ తీరం వాడినని అందరూ నా భుజం తట్టారు. నేను చేసిందేమీ లేదు. రాత్రంతా 'దుప్పట్లు, బారక్' అని టైపు కొడుతూ కూర్చున్నానంతే.

ఇక చెప్పక తప్పని విషయం ఒకటుంది. ఇన్నాళ్ళూ మన సమావేశాల్లో ఎప్పుడూ చెప్పలేదు.

1977లో నేను వేరే యూనిట్‌లో నాయక్ ర్యాంకు క్లర్కును. బీహారు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు సెలవులో పెళ్ళి చేసుకుని వచ్చి, ఊరి ముఖియా ఇచ్చిన కాగితం నాకు ఇచ్చాడు. అందులో ఇంగ్లీషు తేదీ లేదు. 'జేఠ్ బదీ' అని తిథి మాత్రం రాసి ఉంది. ఇక్కడే నాకు చిక్కు వచ్చింది. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. వాళ్ళకు పున్నమితో ముగుస్తుంది. అందుచేత బహుళ పక్షంలో వాళ్ళ నెల పేరు మనకన్న ఒకటి ముందుంటుంది. మన వైశాఖ బహుళం వాళ్ళకు జ్యేష్ఠ బహుళమన్న మాట. నా లెక్క ప్రకారం పెళ్ళి రోజు అతని సెలవు ముగిశాక పడింది. ఇదేమిటని అతన్ని పిలిచి అడిగితే ఐదు నిమిషాల పని. అడగలేదు. పంచాంగం తెలిసినవారిని కనుక్కుని రాద్దామని ఆ కాగితాన్ని పెండింగు ట్రేలో పెట్టాను. దానిమీద మరికొన్ని చేరాయి. వారం తరువాత నేను నా వార్షిక సెలవుకు ఇంటికి వచ్చేశాను.

నేను ఇక్కడ కాలవగట్టు మీద కబుర్లు చెప్పుకుంటున్న రోజుల్లో ఆ డ్రైవరు లారీ లోయలో పడి చనిపోయాడు. రికార్డులో అతను అవివాహితుడు. నేను తిరిగి వెళ్ళేసరికి హెడ్ క్లర్కు నా ట్రేలోని కాగితాలన్నీ బల్లమీద పరిచి కూర్చున్నాడు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కాగితాన్ని నా చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

చనిపోయినవాడి పెళ్ళిని తరువాత ప్రకటిస్తే ఊరికే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అఫిడవిట్లు, సాక్షుల వాంగ్మూలాలు, కలెక్టరు ఆఫీసు విచారణ, అడిగినవన్నీ అడిగారు. ఒకరోజు డ్రైవరు తండ్రి ఆ పిల్లను వెంటబెట్టుకుని యూనిట్‌కు వచ్చాడు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ముఖం మీద కొంగు తీయలేదు. వరండాలో నేల మీద కూర్చున్నారు. "బేటా, మావాడు కాగితం తెచ్చి ఇచ్చాడటగదా?" అన్నాడు ముసలాయన. ఇచ్చాడన్నాను. ఎవరికి ఇచ్చాడని అడిగాడు. నాకేనన్నాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. "అయితే నువ్వే సాక్షివి. రాసిపెట్టు" అన్నాడు.

రాసిపెట్టాను. నా తప్పంతా ఒప్పుకుంటూ, కాగితం ఏ తేదీన నా చేతికి వచ్చిందో, ఎందుకు ఆగిందో నాలుగు పేరాల్లో, పేరాకు ఒక విషయం చొప్పున. ఆ స్టేట్‌మెంటు వల్ల నాకు 'సివియర్ రెప్రిమాండ్' వచ్చింది. నా షీట్ రోల్‌లో ఎర్ర సిరాతో ఎక్కింది. ఆమెకు పెన్షను రావడానికి మూడేళ్ళ పైన పట్టింది. ఆ మూడేళ్ళూ ఆ ఫైలు నేనే చూశాను. మంజూరు కాగితం వచ్చిన రోజు నకలు నేనే టైపు కొట్టి పంపాను. తరువాత ఆ కుటుంబం సంగతి నాకు తెలియదు.

1985లో హవల్దారుగా డిశ్చార్జి అయి, మాజీ సైనికుల కోటాలో 1987లో జూనియర్ అసిస్టెంటుగా కోనసీమలో ఒక మండల రెవెన్యూ ఆఫీసులో చేరాను. టాటెన్‌హాం పద్ధతి కొత్త గాని, పర్సనల్ రిజిస్టరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక వరస, దానికెదురుగా ఏం చేశావన్న జవాబు. ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అంటూ మీరంతా బతికిన లోకమే, నేను చెప్పేదేముంది! తోటివాళ్ళు నన్ను 'మిలటరీ మేష్టారు' అని ఏడిపించేవారు. పెండింగు ట్రే బల్లమీద ఉంచుకోనందుకు ఆ పేరు. కారణం వాళ్ళకు తెలియదు.

1996 నవంబరు 6 తుపానులో ఆ పాఠం మళ్ళీ పనికొచ్చింది. జిల్లాలో వందల కుటుంబాలు మనుషులను పోగొట్టుకున్నాయి. కొబ్బరి చెట్లు పడి దారులు మూసుకుపోయిన ఊళ్ళల్లోకి నడిచి వెళ్ళి జాబితాలు రాశాము. చనిపోయినవారి పేరు రాసి 'భార్య' అని ఊరుకుంటే కుదరదని నేను పట్టుబట్టాను. ఆమె పేరు, పుట్టింటివారి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, రేషను కార్డులో ఎలా ఉంది, ఓటర్ల జాబితాలో ఎలా ఉంది, అన్నీ అక్కడికక్కడే రాయించాను. ఆలస్యం అవుతోందని పైవాళ్ళు విసుక్కున్నారు. అవనీయండి అన్నాను. ఎక్స్‌గ్రేషియా పంచే రోజున మా జాబితాలో వెనక్కి వచ్చిన పేరు ఒక్కటీ లేదు.

కుర్రవాడి సంగతికి వస్తాను. ఇప్పుడు పద్ధతులు మారాయి. 2022లో అగ్నిపథ్ వచ్చాక చేరిక నాలుగేళ్ళకే. వారిలో నూటికి 25 మంది దాకానే రెగ్యులర్‌గా తీసుకుంటారు. క్లర్కు పోస్టుకు ఇంటరు 60 శాతం మార్కులతో ప్యాసవ్వాలి. ముందు కంప్యూటరు మీద రాతపరీక్ష. ఈ పోస్టుకు టైపు పరీక్ష కూడా పెట్టారు. నాలుగేళ్ళ తరువాత ఏమిటన్న వాళ్ళమ్మ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నాకు 15 ఏళ్ళకు పెన్షను వచ్చింది. అతనికి ఆ భరోసా లేదు. అది దాచకుండా ఆమెతో చెప్పాను. ఇప్పటినుంచే రోజూ తెల్లవారి పరుగెత్తమని, బూట్ల బొబ్బలకు భయపడవద్దని, హిందీ నాలుగు ముక్కలు నేర్చుకోమని, ఎదుటివాడు చేతికిచ్చిన కాగితాన్ని ఆ పూటే చదవమని అతనికి చెప్పాను. ఆవకాయ మాత్రం డబ్బా మూత గట్టిగా బిగించి పెట్టమని వాళ్ళమ్మకు చెప్పాను.

చివరగా ఒక మనవి. మనలో రెండు పెన్షన్లవారున్నారు, ఒకటే ఉన్నవారున్నారు. మీ పి.పి.ఓ. తీసి మీ సతీమణి పేరు, పుట్టిన తేదీ ఒకసారి చూడండి. సైనిక పెన్షన్లు 'స్పర్శ్' అనే కంప్యూటరు పద్ధతిలోకి మారినప్పుడు, మా మనవడు ఫోనులో నా వివరాలు తీసి, "తాతయ్యా, మామ్మ పేరు తప్పుంది" అన్నాడు. 'సత్యవతి'లో ఇంగ్లీషు 'వై' తరువాత రావలసిన 'ఏ' లేదు. ఎవరు చేసిన తప్పు అని వెదకబోయాను. 1975లో మా పెళ్ళికి సంబంధించిన పార్ట్ టూ ఆర్డరు టైపు కొట్టింది నేనే.

ఆధార్ నకలు, అఫిడవిట్టు జతచేసి దరఖాస్తు పెట్టాను. సవరణకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ మా ఇంటావిడ, కాఫీ ఇచ్చిన ప్రతిసారీ, "మీ ఉస్తాదుగారికి చెప్పమంటారా?" అని అడుగుతూనే ఉంది. సవరించిన పి.పి.ఓ. వచ్చాక మూడు జిరాక్సులు తీయించి, ఒకటి ఆవిడ చేతికిచ్చి, అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టమన్నాను. చదివే పెట్టింది.